‘బాధపడుతున్నది ఎవరు?’ అని ఎదుటివాళ్లని అడగకండి

తెలుగు ఊళ్లలో ఎవరింట్లో చావు జరిగినా ముందు వినిపించేది ఘంటసాల గొంతులో భగవద్గీత. షామియానా కింద స్పీకర్లో అదే, వైకుంఠ రథం మీదా అదే. వీధి చివర ఆ గొంతు వినపడితే చాలు, ఎవరు పోయారో అని జనం తలుపు తీసి చూస్తారు. మా నాన్న పోయినప్పుడూ పెట్టారు. ఆ పాట మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆ తర్వాత మాట్లాడిన మనుషుల మీదే ఉంది.

అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది. నాన్న కళ్లజోడు ఆమె చేతిలో ఉంది. దాని కాడ తెరుస్తోంది, మూస్తోంది. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, గీత బాగా చదువుకున్న మనిషి, “ఏడవకూడదమ్మా. పోయింది శరీరం. ఆత్మకి చావెక్కడిది? అసలు ఏడుస్తున్నది ఎవరో ఆలోచించు” అన్నాడు. అమ్మ ఏడుపు ఆపేసింది. దుఃఖం తగ్గలేదు, సిగ్గేసింది అంతే. కట్టుకున్నవాడి కోసం ఏడవడం అజ్ఞానమని నలుగురిలో చెప్తే ఎవరికి సిగ్గెయ్యదు?

ఆయన అన్న మాటల్లో తప్పు పట్టడానికేమీ లేదు. ఉన్నది ఒకే ఆత్మ, రెండోది లేదు అనే అద్వైతం నిజంగానే ఆ మాట అంటుంది. కానీ ‘నేనెవరు’ అన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న. బాధలో ఉన్న ఇంకొకరి మీదకి దాన్ని విసిరితే వాళ్ల అహంకారం కరగదు. విసిరినవాడి అహంకారమే ఇంకో మెట్టు పైకెక్కి కూర్చుంటుంది. ఇది నేను గ్రంథాల మీద కోపంతో అంటున్న మాట కాదు. ఆ గ్రంథాల్ని దగ్గర పెట్టుకుని చదివితే అవే ఈ మాట చెప్తున్నాయి.

ముందు ఆ గీతనే చూద్దాం. ‘ఆయుధాలు దీన్ని కొయ్యలేవు, అగ్ని కాల్చలేదు’ అన్న శ్లోకం రెండో అధ్యాయంలో ఇరవై మూడోది. దానికి ముందు ఏడో శ్లోకంలో అర్జునుడు ‘నేను నీ శిష్యుణ్ణి, నిన్నే శరణు వేడాను, నాకు చెప్పు’ అని అడిగాడు. ఆ అడగడం జరిగే దాకా కృష్ణుడు ఆత్మ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. లేచి యుద్ధం చెయ్యమన్నాడు, పిరికితనం వద్దన్నాడు, అంతే.

యుద్ధం మొదలై పదమూడో రోజున అభిమన్యుడు చనిపోయాడు. సాయంత్రం శిబిరానికి తిరిగొచ్చిన అర్జునుడు కొడుకు కోసం కుమిలి కుమిలి ఏడ్చాడు. గీత మొత్తం తన చెవులతో, స్వయంగా కృష్ణుడి నోటి నుంచి విన్నవాడు! ‘రెండు వారాల కిందటేగా చెప్పాను, ఆత్మకి చావు లేదని’ అనడానికి కృష్ణుడికి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? అనలేదు. వెన్ను చూపని వీరులందరి దారీ ఇదే అన్నాడు. నువ్విలా ఉంటే నీ అన్నదమ్ములు, స్నేహితులు దిగులు పడుతున్నారు, వాళ్లని ఓదార్చు అన్నాడు. చివర్లో ఒకే ఒక్క మాట, ‘తెలుసుకోవలసింది నీకు తెలుసు’ అన్నాడు. అడిగి, కూర్చుని, విన్నవాడికి కూడా దుఃఖంలో అంతకు మించి గుర్తు చెయ్యలేదు. మనమేమో ఎప్పుడూ అడగని ఆడమనిషికి, శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఉపన్యాసం ఇస్తాం.

ఉపనిషత్తుల్లోనూ అంతే. మైత్రేయి అడిగింది, ఆమె భర్త యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. నచికేతుడు పట్టుబట్టి అడిగాడు, యముడు తప్పించుకోబోయి చివరికి చెప్పాడు. పన్నెండేళ్లు చదువుకుని పొగరుగా ఇంటికొచ్చిన శ్వేతకేతుడికి తండ్రి ఒక ప్రశ్న వేసి ఊరుకున్నాడు. కొడుకు ‘మీరే చెప్పండి’ అన్నాకే ‘తత్త్వమసి’, అంటే ‘అది నువ్వే’, అన్న మాట దాకా తీసుకెళ్లాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఛాందోగ్య ఉపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలోని ఇంద్రుడి కథ. ముసలితనం, చావు, శోకం లేని ఆత్మ ఒకటుందని ప్రజాపతి అన్నాడని విని దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు వెళ్లారు. ముప్ఫై రెండేళ్లు ఆయన దగ్గర ఉన్నాక ప్రజాపతి వాళ్లని నీళ్ల పాత్రలోకి చూడమన్నాడు. బాగా అలంకరించుకుని మళ్లీ చూడమన్నాడు. కనపడినదే ఆత్మ అనుకుని విరోచనుడు సంతోషంగా వెళ్లిపోయాడు. ఇంద్రుడు దారిలో ఆగాడు. ఒళ్లు బాగుంటే నీడ బాగుంది సరే, కన్ను పోతే ఇదీ గుడ్డిదవుతుంది కదా, ఇందులో నాకు మేలేం కనపడటం లేదు అని వెనక్కి వచ్చాడు. ఇంకో ముప్ఫై రెండేళ్లు. ఈసారి కలలో తిరిగేవాడే ఆత్మ అని విన్నాడు. కలలోనూ ఎవరో తరుముతున్నట్టుంటుంది, ఏడుస్తున్నట్టుంటుంది కదా అని మళ్లీ వెనక్కి వచ్చాడు. ఇంకో ముప్ఫై రెండేళ్లయ్యాక గాఢనిద్రలో ఉన్నదే అని విన్నాడు. ఇంద్రుడు దానికీ ఒప్పుకోలేదు. ఆ స్థితిలో ‘ఇది నేను’ అని కూడా తెలీదు, ఉన్నవాడు లేకుండా పోయినట్టే ఉంది, ఇందులోనూ నాకు మేలు కనపడటం లేదన్నాడు.

ప్రతిసారీ ప్రజాపతి ఇచ్చిన జవాబు గమనించండి. ‘నువ్వన్నది నిజమే ఇంద్రా, అది అలాంటిదే.’ ‘అది నీ అహం మాట్లాడుతోంది’ అని ఒక్కసారి కూడా అనలేదు. శిష్యుడికి కలిగిన అసంతృప్తినే పట్టుకుని తర్వాతి మెట్టుకి తీసుకెళ్లాడు. ఇంకో ఐదేళ్లు కలిపి మొత్తం నూటొక్క ఏళ్లు పట్టింది. ఆఖరికి ఆయన చెప్పిన మాటల్లో ఇదొకటి: శరీరంతో ఉన్నంత కాలం ప్రియం, అప్రియం తప్పవు. దేవతల రాజుకి నూటొక్క ఏళ్ల తర్వాత చెప్పిన మాట ఇది. మా అమ్మకి ఆ వెసులుబాటు ఒక్క రోజు కూడా ఇవ్వలేదు.

ఇంతకీ అహంకారం అంటే ఏమిటి? మన వాడుకలో అది గర్వం, పొగరు. అందుకే దాన్ని అణచాలి, చంపాలి అంటుంటారు. ప్రవచనాల్లోనూ ఇదే ఎక్కువ. అద్వైతం మాట్లాడే అహంకారం అంతకంటే చాలా లోపలిది. వినయంగా తల వంచుకున్నవాడిలో కూడా అది చెక్కు చెదరకుండా ఉంటుంది. ‘నేను ఏమీ కాను, మీ పాదధూళిని’ అనేవాడిలోనూ ఆ ‘నేను’ భద్రంగా కూర్చునే ఉంటుంది.

శంకరుల పేరున, భారతీతీర్థుల పేరున రెండు విధాలా చెప్పుకునే ‘దృగ్దృశ్య వివేకం’ అనే చిన్న పుస్తకం ఉంది. ఈ విషయంలో నాకు దారి చూపించింది అదే. అహంకారం మూడింటితో ముడిపడి ఉందని అందులో ఒక శ్లోకం చెప్తుంది. ఒకటి, దాని మీద పడే చైతన్యపు నీడతో. ఇది సహజం. రెండోది శరీరంతో. ఇది కర్మ వల్ల వచ్చింది. మూడోది సాక్షితో, అంటే అన్నిటినీ ఊరికే చూస్తూ ఉండే అసలు ‘నేను’తో. ఇది మాత్రం భ్రాంతి. ఆ వెంటనే ఉన్న శ్లోకం ఇంకా ముఖ్యం. మొదటి ముడి, అందులో ముడిపడిన అహంకారం, ఆ నీడ రెండూ ఉన్నంత వరకు విడిపోదు. రెండోది కర్మ తీరాకే విడుతుంది. జ్ఞానం వల్ల తెగేది మూడోది ఒక్కటే.

ఈ రెండు శ్లోకాలూ చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. దీని ప్రకారం, తెలుసుకున్నవాడికి కూడా ‘నేను’ అనే తలంపు పుడుతూనే ఉంటుంది. వాడి శరీరానికి ఆకలి వేస్తుంది, దెబ్బ తగిలితే నొప్పి పుడుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇవేవీ అజ్ఞానానికి గుర్తులు కావు. పోయేదల్లా ‘ఈ వచ్చిపోయేదే నేను’ అన్న పొరపాటు. అలాంటప్పుడు కన్నీళ్లు చూసి ఎదుటి మనిషి జ్ఞానానికి మార్కులు వెయ్యడం ఏ శాస్త్రంలోనిది?

తిరువణ్ణామలైలో రమణ మహర్షి దీన్ని ఒక పెళ్లి కథతో చెప్పేవారు. పిలవని మనిషొకడు పెళ్లికి వచ్చాడు. ఆడపెళ్లివాళ్ల దగ్గర మగపెళ్లివాడిలా, మగపెళ్లివాళ్ల దగ్గర ఆడపెళ్లివాడిలా తిరుగుతూ బాగా మర్యాదలు చేయించుకున్నాడు. చివరికి రెండు వైపులవాళ్లూ ‘ఇంతకీ ఈయన ఎవరి తాలూకు?’ అని వాకబు మొదలుపెట్టేసరికి జారుకున్నాడు. అహంకారం అలాంటిది. ఒక పక్క శరీరం, ఇంకో పక్క ఆత్మ. మధ్యలో ఇది రెండు వైపులా చుట్టరికం కలుపుకుని తిరుగుతుంది. ఈ కథలో ఎవరూ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు, వంటింట్లోంచి గెంటలేదు. విచారించారు, అంతే. పైగా ఎవరి ఇంటి పెళ్లో వాళ్లే విచారించారు. పక్కింటి పెళ్లిలో ఎవరు దొంగ చుట్టమో తేల్చే పని వాళ్లు పెట్టుకోలేదు.

ఆయన జీవితం కూడా ఈ విషయంలో సాక్ష్యమే. 1896లో మదురైలో, పదహారేళ్ల వయసులో, మేడ మీద గదిలో ఆయనకి చావు భయం కలిగింది. ఆ భయం ఆయనది, పడుకుని చనిపోయినట్టు ఊహించుకుని పరిశీలించుకున్నది తనని తాను. ఎవరూ వచ్చి ‘భయపడుతున్నది ఎవరు?’ అని అడగలేదు. తర్వాతి కాలంలో తన దగ్గరకి ప్రశ్నలతో వచ్చినవాళ్లని ‘ఆ ప్రశ్న ఎవరికి వచ్చింది?’ అని ఆయన వెనక్కి తిప్పేవారన్నది నిజమే. కానీ వాళ్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఎచ్చమ్మాళ్ సంగతి వేరు. భర్తనీ పిల్లల్నీ పోగొట్టుకుని ఆమె కొండెక్కి వచ్చింది. ఆమెకి ఆయన ఏ బోధా చెయ్యలేదు. ఆమె మౌనంగా ఆయన ఎదుట నిలబడింది, ఆయన మౌనంగా ఉన్నారు. ఆ గుండె బరువు అక్కడ తగ్గింది. తర్వాత దశాబ్దాల పాటు ఆమె ఆయనకి అన్నం వండి తీసుకెళ్లింది. ఏడ్చేవాళ్లతో జ్ఞాని ఏడుస్తాడు, నవ్వేవాళ్లతో నవ్వుతాడు, అందువల్ల వాడికి పోయేదేముంది అని ఆయన అన్నట్టు, ఆశ్రమంలో ఉండి తెలుగులో లేఖలు రాసిన సూరి నాగమ్మ గారు రాసి పెట్టారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటేసి వెళ్లడం నాకిష్టం లేదు. అది అద్వైతాన్ని ఒప్పుకోని విశిష్టాద్వైత ఆచార్యులు రామానుజులది. బ్రహ్మసూత్రాలకి రాసిన శ్రీభాష్యంలో ఆయన అంటారు, ‘నేను’ అని తోచేదే ఆత్మ, అది పోవడమే మోక్షమైతే మోక్షం మాట వాసన తగలగానే మనిషి లేచి వెళ్లిపోతాడు అని. ఎంత మానవీయమైన వాదన ఇది! నాకు దుఃఖాలన్నీ పోవాలి, నేను సుఖంగా ఉండాలి అని కోరుకునేవాడికి ‘దుఃఖం పోతుంది, నువ్వు కూడా పోతావు’ అంటే ఎవడు నిలబడతాడు? ఇంద్రుడు గాఢనిద్ర విషయంలో చెప్పిన ఫిర్యాదు కూడా దాదాపు ఇదే.

నేను అద్వైతం వైపే ఉన్నాను. ఎందుకంటే ఆ తప్పుడు ‘నేను’ పడిపోయాక మిగిలేది శూన్యమని అద్వైతం అనలేదు. రమణులు 1927లో కూర్చిన ఉపదేశసారంలో, అహం నశించిన చోట ‘నేను నేను’ అంటూ నిండైన సత్తు, అంటే ఉనికి, దానంతటదే స్ఫురిస్తుంది అంటారు. ఉండటం పోదు. ‘ఫలానావాణ్ణి’ అన్న బిగింపు పోతుంది. అయినా అద్వైతం మాట్లాడేవాళ్లందరూ రామానుజుల మాటని పదే పదే గుర్తు చేసుకోవాలి. ఎదుటి మనిషి తను తనుగా ఎంతో కష్టపడి కూడగట్టుకున్న ‘నేను’ని ‘అది లేనే లేదు’ అని మనం తేలిగ్గా కొట్టిపారేస్తే, వాళ్లకి అది విడుదలలా వినపడదు, బెదిరింపులా వినపడుతుంది.

నిజంగా బెదిరింపుగా వాడటం కూడా నేను చూశాను. అత్తారింట్లో మాట పడలేక ఎదురు చెప్పిన కోడలికి ‘అహం తగ్గించుకో’ అంటారు. చేసిన పనికి జీతం పెంచమన్నవాడికి ‘ఇదంతా నీ ఈగో’ అంటారు. నాకు జరిగింది పొలం పంపకాల దగ్గర. నాన్న పోయిన మూడు నెలలకి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. నా వాటా అడిగాను. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే చట్టం ఉంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. చట్టం సంగతి వాళ్లకీ తెలుసు. అందుకే దాని జోలికి పోలేదు. “ఎకరం కోసం ఇంత తాపత్రయమా అమ్మా? పోయేటప్పుడు ఏం పట్టుకెళ్తాం? అంతా మాయ. నాది, నీది అన్నదే అహంకారం” అన్నారు. మా అన్నయ్య పేరున రాస్తున్న ఎకరాలు మాత్రం మాయ కాలేదు. ఆ వైరాగ్యం బల్లకి ఇటు పక్క కూర్చున్న నా ఒక్కదానికే పనికొచ్చింది.

శంకరుల పేరున ఒక శ్లోకం చెప్తుంటారు. అద్వైతాన్ని భావంలో ఎప్పుడూ ఉంచుకో, చేతల్లో ఎప్పుడూ వద్దు అని. గురువు దగ్గర వినయం కోసం చెప్పిన మాటగా అది అర్థవంతమైనదే. కానీ ఆ పంపకాల బల్ల దగ్గర నాకు దాని ఇంకో ముఖం కనపడింది. చేతల్లో తేడాలు అలాగే ఉంచి, ఆ తేడాల వల్ల నష్టపోయేవాళ్ల నోరు మాత్రం అద్వైతంతో మూయిస్తే దాన్ని ఏమనాలి? చేతల్లో అద్వైతం వద్దనుకుంటే సరే, అప్పుడు హద్దురాళ్ల లెక్క హద్దురాళ్ల లెక్కలాగే మాట్లాడదాం. మధ్యలో ఆత్మని తీసుకురావద్దు.

శంకరులు చెప్పిన ఐదు శ్లోకాలు, మనీషా పంచకం వెనక కథ నా వాదనకి అడ్డొస్తుందని ఎవరైనా అనవచ్చు. కాశీలో గంగాస్నానానికి వెళ్తున్న శంకరులు ఎదురొచ్చిన చండాలుణ్ణి తప్పుకోమన్నారు. ‘ఏది తప్పుకోవాలి? అన్నంతో పెరిగిన ఈ శరీరం అలాంటి శరీరం నుంచా, చైతన్యం చైతన్యం నుంచా?’ అని అతను అడిగాడు. ఇక్కడ ప్రశ్న ఎదుటివాడికే వేశారు కదా? వేశారు. కానీ దారి వదలమని ఆజ్ఞ ఇచ్చే స్థానంలో ఉన్నవాడికి, దారి వదలాల్సిన స్థానంలో ఉన్నవాడు వేశాడు. ప్రశ్న కింద నుంచి పైకి వెళ్లింది. విన్న శంకరులు దాన్ని తనకి తను అన్వయించుకున్నారు. ఈ జ్ఞానం గలవాడు చండాలుడైనా, బ్రాహ్మణుడైనా నాకు గురువే అని శ్లోకాలు చెప్పారు. ఆ చండాలుడు నిజానికి శివుడని చివర్లో చేర్చి చెప్తారు. శివుడు కాకపోయినా ఆ ప్రశ్నకి అంతే బలం ఉండేదని నా నమ్మకం. పంపకాల దగ్గర పెద్దమనుషులు ఇదే ప్రశ్నని పై నుంచి కిందకి విసిరారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు నేను ఆ ‘నేనెవరు’ విచారణకే కూర్చున్నాను. ఎవరూ చెప్పకుండా, నాకై నేను. ఒంటి నిండా కోపం. ‘నాకు అన్యాయం చేశారు’ అన్న వాక్యం తలలో తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ప్రయత్నించలేదు. ‘నాకు’ అంటున్నది ఎక్కడ ఉందో చూద్దామనుకున్నాను. గొంతు దగ్గర ఒక బిగుతు, దవడ నొప్పి. వాటి పక్కనే కోర్టు సీన్ లాంటి కథ ఒకటి, అందులో నేను చాలా బాగా మాట్లాడుతున్నాను. బిగుతు తెలుస్తోంది, కథ తెలుస్తోంది. అవి తెలుస్తున్నాయంటే అవి నేను కాదు. మరి తెలుసుకుంటున్నది? అక్కడికి వెళ్లి చూస్తే పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అలాగని ఎవరూ లేరనీ అనిపించలేదు. కాసేపు మాత్రమే అలా ఉంది. మళ్లీ కథ మొదలైంది, మళ్లీ అడిగాను. తెల్లవారేసరికి కోపం పూర్తిగా పోలేదు. కానీ అది నన్ను మోసుకుని తిరగడం ఆగిపోయింది. అన్నయ్య మీద ద్వేషం చాలావరకు కరిగింది. ఎకరం నాకు రావాలన్న లెక్క మాత్రం రవ్వంత కూడా కరగలేదు. కరగాల్సిన అవసరమూ నాకు కనపడలేదు. మూడు ముడుల్లో ఆ లెక్క శరీరంతో ఉన్న ముడికి చెందింది. ఆ శరీరం తినాలి, పిల్లల్ని చదివించాలి.

అదే ప్రశ్న ముందు రోజు అన్నయ్య నన్ను అడిగి ఉంటే దాన్ని విచారణ అనేవాళ్లం కాదు. పొలం కొట్టెయ్యడం అనేవాళ్లం. అక్షరం తేడా లేని ప్రశ్న, అడిగిన నోరే వేరు.

మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేశాను. గొంతు పెంచకుండా మాట్లాడాను, సర్వేకి డబ్బు కడుతున్నానని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత “సరే, తేదీ చెప్పు, నేనూ ఉంటాను” అన్నాడు. సర్వేయరు వచ్చి గొలుసు లాగి హద్దులు పెట్టాడు. తూర్పు గట్టు పక్క వాటా నా పేరున రిజిస్టరు అయింది.